పేరు రాయని డబ్బా

మాచర్ల,
ఆగస్టు 11.

చి.ల.సౌ. అపర్ణకు, రామతులసి ఆశీస్సులు.

హబీబుల్లా భాయ్ మన కొట్టు సరుకు కోసం నరసరావుపేట వస్తున్నాడు. అతని వ్యానులో ఒక అట్టపెట్టె పంపుతున్నాను. అందులో కందిపొడి, గోంగూర పచ్చడి, సాత్విక మర్చిపోయిన చుడీదార్లు ఉన్నాయి. పచ్చడి సీసా మూత మీద గుడ్డ కట్టాను. పెట్టె నిలువుగా పెట్టమని అతనికి రెండుసార్లు చెప్పాను. ఉత్తరం పెట్టె అడుగున ఉంటుంది. ఫోను ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోనులో నువ్వూ నేనూ మాట్లాడుకుంటే మూడో మాటకే ఎవరో ఒకరం పెట్టేస్తాం. పైగా నా కూతురు సాత్విక నీ పక్కనే కూర్చుని వింటూ ఉంటుంది.

ఆ పిల్ల రెండో శనివారం వచ్చి వెళ్ళింది. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను.

రాగానే కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వస్తే సంతోషించాను. కాసేపటికి చూద్దును కదా, సంచిలోంచి తెల్లకాగితం ముక్కలు, జిగురు తీసి నా డబ్బాలన్నిటికీ పేర్లు అంటిస్తోంది. మైదా, శనగపిండి, ఉప్పుడురవ్వ, వంటసోడా.

"ఏందే ఇది?" అన్నాను.

"పేర్లుండాలమ్మా. పిన్ని వంటింట్లో అన్నిటికీ ఉంటాయి. పేరు లేని డబ్బా ముట్టుకోగూడదంటది పిన్ని."

"నా డబ్బాల్లో ఏముందో నాకు తెలవదా?"

"నీకు తెలుసు. ఇంకోళ్ళకి?"

"ఇంకోళ్ళెందుకొస్తారే నా వంటింట్లోకి?"

నవ్వింది. నేను నవ్వలేదు. అన్నం తినేటప్పుడు "పిన్ని" అన్న మాట ఎన్నిసార్లు అంటుందో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మజ్జిగ దాకా వచ్చేసరికి మానేశాను. లెక్క తప్పడం నాకు అలవాటు లేదు. అది బస్సెక్కగానే తడిగుడ్డతో ఆ కాగితాలన్నీ నానబెట్టి ఊడదీశాను.

నీకు ముందే తెలియడం మంచిదని ఇంకో మాట కూడా రాస్తున్నాను. ఈ సెమిస్టరు పరీక్షలు కాగానే దాన్ని ఇక్కడి కాలేజీకి మార్పిద్దామని మీ బావగారితో అన్నాను. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు.

మరొకటి. మీ కాలేజీ ల్యాబులో ఏదో సబ్బుపొడి తూచడానికి నువ్వు ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుంటావట. సాత్విక గొప్పగా చెప్పింది. సబ్బుకు అంత హంగామా ఎందుకు? దానితో గిన్నెలు తోమే లిక్విడ్ చేయవచ్చట. ఇక్కడ కెమికల్స్ అమ్మే కొట్లో కూడా ఉంది. ఎదురింటి మహాలక్ష్మమ్మ పిన్నీ నేనూ చేద్దామనుకుంటున్నాం. నీకు వీలుంటే వివరం రాయి. వీలు లేకపోయినా చేస్తాం.

రామతులసి


నరసరావుపేట,
ఆగస్టు 17.

అక్కకు నమస్కారాలతో అపర్ణ వ్రాయునది.

పెట్టె అందింది. పచ్చడి సీసా నిలువుగానే వచ్చింది. హబీబుల్లా గారు దాన్ని తన సీటు పక్కన పెట్టుకుని తెచ్చారట.

డబ్బాలకు పేర్లు అంటించమని నేను చెప్పలేదు. ల్యాబులో అంటుకున్న అలవాటు నా ఇంట్లోకి వచ్చింది, నా ఇంటి నుంచి సాత్వికకు అంటుకుంది. మీకు నచ్చకపోతే ఇకమీదట చేయవద్దని చెబుతాను.

మీరు అడిగిన పొడి పేరు సోడియం లారిల్ సల్ఫేట్. మనం వాడే షాంపూల్లో, పళ్ళు తోముకునే పేస్టుల్లో కూడా కొంచెం ఉంటుంది. నీళ్ళలో కలిశాక అది సబ్బులాంటిదే. పొడిగా ఉన్నప్పుడే దానితో పేచీ. మహా తేలిక. చెంచాతో తీస్తే పొగలాగా లేస్తుంది. గొంతులోకి పోతే దగ్గు ఆగదు. చేతుల మీద ఉండిపోతే చర్మంలో జిడ్డంతా లాగేసి పగుళ్ళు తెస్తుంది. కంట్లో పడితే కంటిపొరనే దెబ్బ తీస్తుంది. మీరు కారం దంచి, జల్లించి పెరిగిన మనిషి, మీకు నేను చెప్పేదేమిటని అనుకోకండి. కారం ముందే ఘాటుతో చెప్పి వస్తుంది. ఇది చెప్పదు.

నన్నడిగితే పొడి కొనవద్దు. ఇలాంటిదే తేనెలా చిక్కగా, ద్రవంగా కూడా అమ్ముతారు. అది గాల్లోకి లేవదు. పొడే కావాలంటే ఫ్యాను ఆపండి. మాస్కు, అద్దాలు, చేతులకు తొడుగులు పెట్టుకోండి. పొయ్యి దగ్గర వద్దు, అది మండుతుంది. ముందు నీళ్ళు పోసుకుని, అందులోకి పొడిని కొంచెం కొంచెంగా జారవిడవాలి. కింద పడినదాన్ని చీపురుతో ఊడిస్తే మళ్ళీ లేస్తుంది, తడిగుడ్డతో ఎత్తాలి. దానికి వాడిన గిన్నె గానీ గరిటె గానీ మళ్ళీ వంటకు వాడకూడదు. మిగిలితే పేరు రాసి, వంటింటికి దూరంగా పెట్టాలి.

ఒకవేళ కంట్లో పడితే కుళాయి కింద రెప్ప తెరిచి పట్టుకుని కనీసం పావుగంట కడగాలి. నీళ్ళు తప్ప ఇంకేదీ వద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళ మాట కింద గీత గీశాను చూడండి.

సాత్విక బాగుంది. మా సాయిరామ్ హాస్టలుకు వెళ్ళాక ఖాళీ అయిన గదిలో చదువుకుంటోంది. ఆదివారాలు తలకు నూనె నేనే పెడుతున్నాను. మొదట్లో ఒప్పుకునేది కాదు, ఇప్పుడు తనే గిన్నె పట్టుకుని వచ్చి కూర్చుంటోంది.

కాలేజీ మార్పించే మాట చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను. మళ్ళీ తీసి చదివాను. కెమిస్ట్రీ అంటే దానికి ఇప్పుడిప్పుడే ఇష్టం పుడుతోంది. మీరు, బావగారు ఇంకొకసారి ఆలోచించండి.

అపర్ణ


మాచర్ల,
సెప్టెంబరు 5.

చి.ల.సౌ. అపర్ణకు,

నీ పాఠం అందింది. నేను మీ ఫస్టియరు పిల్లను కాకపోయినా చివరిదాకా చదివాను.

లిక్విడ్ చేశాం, చక్కగా వచ్చింది. పొడి గడ్డలు గడ్డలుగా ఉంటే కారానికి పట్టినట్టే జల్లెడ పట్టాను.

"మీ తోటికోడలు కళ్ళద్దాలు పెట్టుకోమందంటగా తులశమ్మా?" అంది మహాలక్ష్మమ్మ పిన్ని.

"ఆమెకి కాలేజీవాళ్ళు కొనిస్తారు పిన్నీ. మనకి పమిట చెంగు చాల్లే" అన్నాను.

పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత కొంచెం తుమ్ములు వచ్చాయి. అంతే. నురగ సంగతి అడగకు, ఒక్క చుక్కకే పాలగిన్నె జిడ్డంతా పోయింది. వీధిలో అందరూ సీసాలు పట్టుకుని వస్తున్నారు. సాత్విక కోసం ఒక సీసా పంపుతున్నాను. వాళ్ళమ్మ కూడా చేయగలదని తెలియాలి.

మిగిలిన పొడిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి అరలో పెట్టాను. పేరు అంటించలేదు. ఏ డబ్బాలో ఏముందో నాకు తెలుసు.

తలకు నూనె పెట్టేటప్పుడు దానికి నడినెత్తిన సుడి దగ్గర గట్టిగా రుద్దకూడదు, మెల్లగా అద్దాలి. చిన్నప్పుడు అక్కడ కురుపు లేచింది. ఆ సంగతి నీకు తెలియదు. తెలిసే అవకాశం లేదు.

ఈ నెల రెండో శనివారం దాన్ని పంపవద్దు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాను. పిడుగురాళ్ళ నుంచి సున్నం తెప్పించారు. ఇల్లంతా గందరగోళంగా ఉంది. అక్షరాలు పెద్దవిగా పడుతున్నాయి, పెన్ను కొత్తది.

రామతులసి


నరసరావుపేట,
సెప్టెంబరు 9.

అక్కకు,

సీసా అందింది. సాత్విక దాన్ని వంటింట్లో పెట్టనివ్వలేదు. తన గదిలో బల్ల మీద పెట్టుకుంది. తిన్న కంచం తనే తెచ్చుకుని ఆ లిక్విడ్‌తో తోముకుంటోంది. నిన్న నేను పాలగిన్నెకని సీసా అందుకోబోతే, "అది అమ్మది పిన్నీ, అయిపోద్ది" అంది. మీతో అనకూడదు గానీ, ఆ సీసాను చూస్తే నాకు గిట్టడం లేదు. రెండు నెలలుగా ఆ పిల్లకు ఇష్టమైనవి కనుక్కుని వండుతున్నాను. ఒక్క సీసా సబ్బునీళ్ళు పంపి మీరు గెలిచారు.

ఇది పక్కన పెట్టండి. అసలు మాట వేరే ఉంది.

కొత్త పెన్నుతో రాస్తే అక్షరాలు పెద్దవి కావచ్చు గానీ, గీత దాటి కిందికి జారవు. మీ రాత తీరు మీకు తెలియనిదా? చాకలిపద్దు రాసినా అచ్చు వేసినట్టుండే చెయ్యి మీది. సాత్విక మీ ఉత్తరం కవరు చూసి, "ఇది అమ్మ రాత కాదు" అంది. వీడియో కాల్లో మీరు ఎడమ చెంపే చూపిస్తున్నారు. "అమ్మకి ఫోను పట్టుకోవడం కూడా రాకుండా పోయిందేంది" అని అది నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు.

బావగారు నిన్న మా ఆయన ఉపేంద్రతో ఫోనులో మాట్లాడుతుంటే, సున్నాలు ఎంతవరకు వచ్చాయని వెనకనుంచి అడిగించాను. "ఏం సున్నాలు?" అన్నారు.

అక్కా, పొడి మీ కంట్లో పడిందా? అవుననో కాదనో రాయండి. అవునైతే ఈ ఉత్తరం మడవకముందే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అపర్ణ


మాచర్ల,
సెప్టెంబరు 12.

అపర్ణకు,

అవును.

జల్లెడ మీద అరచేత్తో తట్టాను. కారం జల్లించేటప్పుడు తట్టినట్టే. ఫ్యాను తిరుగుతోంది. పొడి లేచి ముఖాన కొట్టింది. ఎక్కువ భాగం కుడికంట్లో పడింది. కారమైతే ఇల్లు లేచిపోయేలా అరిచేదాన్ని. ఇది నువ్వు రాసినట్టే చెప్పకుండా వచ్చింది. మొదట ఏమీ లేదు. రెప్ప ఆడించేకొద్దీ లోపల ఇసుక వేసి రుద్దుతున్నట్టు మొదలైంది.

"ఆగాగు, నలపబాక తులశమ్మా" అంటూ మహాలక్ష్మమ్మ పిన్ని చెంగు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి, కంటి మీద అద్దింది. తగ్గకపోతే పరుగెత్తుకెళ్ళి ఆముదం తెచ్చింది. మిరపకళ్ళాల్లో కంట్లో కారం పడ్డా, దుమ్ము పడ్డా మన వైపు ఆడవాళ్ళం చేసుకునేది అదే. పిన్నిని ఏమీ అనకు. ఆమెకు తెలిసింది ఆమె చేసింది.

కానీ నాకు తెలుసు. అదే నీకు రాయాలి. కుళాయి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది. నీ ఉత్తరం మాట మాటగా గుర్తొచ్చింది. నీళ్ళు తప్ప ఇంకేదీ వద్దన్న మాట, దాని కింద నువ్వు గీసిన గీత. ఆ గీత చూసిన రోజే నాకు ఒళ్ళు మండింది. నేనేదో చదువుకోని మొద్దునైనట్టు, గీత గీస్తే తప్ప నాకు అర్థం కానట్టు. కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు కూడా నాకు ఆ గీతే కనిపించింది. అందుకే కుళాయి వైపు వెళ్ళలేదు. ఆముదం గిన్నె వైపు ముఖం తిప్పాను. అంత నొప్పిలోనూ నీ మాట విననందుకు నాకు కొంచెం తృప్తిగా ఉంది. ఇది చదివి నువ్వు నన్నేమనుకున్నా సరే.

మీ బావగారికి కండ్లకలక అని చెప్పాను. ఆయన నమ్మి చుక్కల మందు తెచ్చిచ్చారు. అత్తయ్యకు ఎటూ చూపు తక్కువ. వెలుతురు పడితే కన్ను తెరవలేకపోతున్నాను. దీపం చుట్టూ మసకమసకగా వలయం కనిపిస్తోంది. ఉదయం ఎడమకన్ను మూసి గడియారం చూశాను. ముల్లు కనబడలేదు.

సాత్వికకు చెప్పకు. నొప్పి ఎంతైనా ఓర్చుకుంటాను. "పిన్ని ముందే చెప్పిందిగా అమ్మా" అని దాని నోటితో అంటే మాత్రం ఓర్చుకోలేను.

రామతులసి


నరసరావుపేట,
సెప్టెంబరు 14.

అక్కకు,

మీరు చెప్పవద్దన్నారు. నేను చెప్పాను. కోపం తర్వాత తీర్చుకోండి.

రేపు పొద్దున మొదటి బస్సుకు సాత్వికా నేనూ మాచర్ల వస్తున్నాం. హబీబుల్లా గారి చేత ఈ ఉత్తరం ముందే పంపుతున్నాను, ఫోనులో చెబితే మీరు వద్దని పెట్టేస్తారు. మీరు సాత్వికతో తిరుగు బస్సెక్కి ఇక్కడికి రండి. కళ్ళ డాక్టరు దగ్గర ఉపేంద్ర మీ పేరు రాయించారు. మందు వేయించుకోవడానికి రోజూ వెళ్ళాలి కనుక మా ఇంట్లోనే ఉండండి. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య ఒంటరిగా ఉండలేరు, బావగారికి టీ పెట్టుకోవడం రాదు. అందుకే మీరు కోలుకునేదాకా నేను మాచర్లలో ఉంటాను. కాలేజీకి సెలవు పెట్టేశాను.

చెప్పగానే సాత్విక ఏమందో మీకు కావాలి కదా. "పిన్ని ముందే చెప్పిందిగా" అనలేదు. నా వైపు తిరిగి, "అమ్మ రాత మారిందని తెలిసి కూడా ఇన్ని రోజులు ఊరుకున్నావా పిన్నీ?" అంది. తర్వాత లేచి బస్సు ప్రయాణానికి సంచి సర్దుకుంది.

అపర్ణ


మాచర్ల,
సెప్టెంబరు 20.

అక్కకు,

నిన్న ఫోనులో మీరు అరవడం, నేను దగ్గడం తప్ప మాటలు కుదరలేదు. నెమ్మదిగా చెబుతున్నాను. ముందుగా, అందరం క్షేమం. ఎవరూ ఏమీ తినలేదు.

అత్తయ్యకు గవ్వలు తినాలనిపించింది. "తులసి చేస్తే కరకరలాడతయ్యే. నీకొచ్చా?" అన్నారు. ఆ "నీకొచ్చా" దగ్గర నాకు పట్టుదల వచ్చింది. మీ పొయ్యి మీద, మీ మూకుట్లో, మీకంటే బాగా చేసి ఆమె చేత అనిపించుకోవాలనుకున్నాను. బావగారు కొట్టు నుంచి వచ్చేసరికి పళ్ళెం నిండా ఉండాలనుకున్నాను. మీరు లేని వంటింట్లో అలాంటి కోరిక పుట్టడం మంచిది కాదని నాకు తెలుసు.

మైదా కోసం అర చూశాను. ఒక్క డబ్బాకూ పేరు లేదు. మూతలు తీసుకుంటూ పోయాను. ఒకదానిలో మెత్తగా, తెల్లగా ఉంది. మైదా అనుకున్నాను. అప్పుడు నేను చేసిన పని విని మీరు నవ్వుకోవచ్చు. ల్యాబులో ఏ సీసానూ ముక్కు దగ్గర పెట్టుకోను, పెట్టుకున్న పిల్లలను బయటికి పంపిస్తాను. మీ వంటింట్లో నిలబడేసరికి ల్యాబు మర్చిపోయాను. పిండి ముక్కిందేమోనని, ఇంట్లో ఆడవాళ్ళం చూసుకున్నట్టే, డబ్బాలో ముఖం పెట్టి వాసన పీల్చాను.

ముక్కులోంచి గొంతులోకి నిప్పు దిగినట్టయింది. దగ్గు. డబ్బా కింద పెట్టేంత తెలివి ఉంది గానీ మూత పెట్టే ఓపిక లేదు. అత్తయ్య వసారాలోంచి కేకేశారు.

"ఏందే ఆ దగ్గు? మైదా గూడ పడదా నీకు?"

అదే సమయానికి మీ ఫోను. "మైదా పక్కనున్న స్టీలు డబ్బా ముట్టుకోబాక, అది మైదా కాదు!" అని మీ అరుపు వసారా దాకా వినిపించింది. జవాబు చెప్పలేక ఫోను అత్తయ్యకిచ్చి, ముఖం, నోరు కడుక్కుని పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాను. సాయంత్రానికి దగ్గు తగ్గింది. ఈ రోజు గొంతు కాస్త గరగరగా ఉంది, అంతే. కళ్ళకు ఏమీ కాలేదు. ఆ పిండి కలిపి నూనెలో వేసి, అత్తయ్యకు, బావగారికి పెట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేకపోతున్నాను.

పొడిని డబ్బాతో సహా రెండు కవర్లలో కట్టి, పేరు రాసి, తాళం వేసే పెట్టెలో పెట్టాను. వచ్చేటప్పుడు నాతో తీసుకొస్తాను, మా ల్యాబులో దాన్ని ఎలా వదిలించాలో అలా వదిలిస్తాం. మీరు వాడిన జల్లెడ కూడా అందులోనే ఉంది. మీరు ఆ జల్లెడ కోసం వెతుక్కోకుండా చెబుతున్నాను.

మిగతా డబ్బాలకు నేను పేర్లు రాయలేదు. అది మీ వంటిల్లు.

అపర్ణ


నరసరావుపేట,
సెప్టెంబరు 23.

చి.ల.సౌ. అపర్ణకు,

నీ గొంతు పూర్తిగా తగ్గిందో లేదో ముందు రాయి. అత్తయ్య ఫోనులో "బాగానే ఉందిలే" అంటుంది గానీ ఆమెకు అందరూ బాగానే ఉంటారు.

డాక్టరు ఈ రోజు మళ్ళీ చూశారు. కంటిపొర మీద గీరుకుపోయిన చోటు పూడుతోందట. చూపు వస్తుందట. "పడగానే కడుక్కుని వచ్చుంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా. ఎవరు వేయమన్నారు ఆముదం?" అన్నారు. సాత్విక నా పక్కనే ఉంది. తలదించుకున్నాను. అది డాక్టరు గారి వైపు తిరిగి, "ఇప్పుడు చెయ్యాల్సింది చెప్పండి సార్" అంది. ఆ మాట తీరు నీదే. పోల్చుకున్నాను. ఈసారి అంత గుచ్చుకోలేదు. కొంచెం గుచ్చుకుంది.

ఆ రోజు జరిగింది కూడా చెప్పాలి. నీ వంటింట్లో కూర్చుని ఉన్నాను. ఎటు చూసినా కాగితం ముక్కలు, అన్నీ సాత్విక రాతే. కుడికన్ను కట్టేసి ఉంది, ఎడమకన్నుతో ఒక్కొక్కటీ చదువుకుంటున్నాను. చదివేకొద్దీ మంట. ఈ ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా నా కూతురి చెయ్యి ఉంది, నా ఇంట్లో నేను ఊడదీసేశాను. ఇంతలో అది వచ్చి, "అవునమ్మా, మిగిలిన పొడి ఎక్కడ పెట్టావు?" అంది.

"అరలో. మైదా పక్కన" అన్నాను.

"పేరు?"

అంటించలేదన్నాను. వంటింట్లోకి ఇంకొకళ్ళెందుకొస్తారని అడిగానే, ఆ ఇంకొకళ్ళు అప్పుడు అక్కడ ఉన్నారు. ఫోను అడిగితే సాత్వికే నొక్కి ఇచ్చింది. నువ్వు దగ్గుతుంటే విన్నాను. నీ మీద నాకు చాలాసార్లు చాలా అనిపించింది గానీ, నీకేదైనా కీడు జరగాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇది నువ్వు నమ్మాలి.

అందుకని నా డబ్బాలన్నిటికీ పేర్లు రాయి. సాత్విక వచ్చేదాకా ఆగనక్కర్లేదు, నీ చేత్తోనే రాయి. ఏది ఏమిటో అనుమానం ఉంటే ఫోను చెయ్యి, వరసగా చెబుతాను. పై అర ఎడమ నుంచి మొదలుపెట్టు.

మహాలక్ష్మమ్మ పిన్ని దగ్గర కూడా కొంచెం పొడి ఉంది. ఆమెతో పోట్లాట పెట్టుకోకుండా, నేను తెమ్మన్నానని చెప్పి తెచ్చి ఆ పెట్టెలోనే పెట్టు. ఇక మీదట చేస్తే ఆ తేనెలాంటిదే కొని చేస్తాం. అద్దాలు కూడా కొంటాం. పిన్నికి అద్దాలు పెడితే ఎట్లా ఉంటుందో చూడాలని నాకూ ఉంది.

ఒక సంగతి సాత్వికకు చెప్పకు. కంటి చుక్కలు ఏ వేళకు వేసుకోవాలో నాకు బాగా గుర్తుంటుంది. గుర్తు లేనట్టు ఊరుకుంటున్నాను. అది పుస్తకం మూసి, చేతులు కడుక్కుని వచ్చి, "ఎన్నిసార్లు చెప్పాలే అమ్మా నీకు, పైకి చూడు" అని గడ్డం పట్టుకుని వేస్తుంది. ఆ కాసేపు ఎక్కడా నీ పేరు రాదు.

కాలేజీ మార్పించే మాట ఇక ఎత్తను. నిన్న దాని ల్యాబు రికార్డు చూపించమన్నాను. ఒంటికన్నుతో చదివాను. నాకు సగం అర్థం కాలేదు గానీ, కొట్టివేత ఒక్కటీ లేదు. ఆ చెయ్యి నాది, నీది కాదు. అక్కడే చదువుకోనీ. ఆదివారాలు నూనె నువ్వే పెట్టు. సుడి దగ్గర మెల్లగా.

చివరగా, ఒకదానికి సూటిగా జవాబు రాయి. ఆ తర్వాత నా మైదా డబ్బా కనబడే ఉంటుంది. గవ్వలు చేసే ఉంటావు. ఎవరివి బాగున్నాయంది అత్తయ్య?

రామతులసి


మాచర్ల,
సెప్టెంబరు 25.

అక్కకు,

గొంతు తగ్గింది. మహాలక్ష్మమ్మ గారి పొడి తెచ్చాను. పోట్లాట ఆమే పెట్టుకుంది, నేను పెట్టుకోలేదు. పై అర అయింది, కింది అర రేపు రాస్తాను.

గవ్వలు చేయలేదు. మైదా డబ్బా దొరికింది, పేరు కూడా రాశాను. అయినా మూత తీయబుద్ధి కాలేదు. అక్క వచ్చి చేస్తుందని అత్తయ్యకు చెప్పాను.

"అంతేలే. పెద్దకోడలుంటే ఈపాటికి తిని చెయ్యి కడుక్కునేదాన్ని" అన్నారు.

ఇది మీకు రాయకూడదనుకుని నిన్నంతా ఉత్తరం మొదలుపెట్టలేదు.

అపర్ణ